నలభై ఎనిమిది అంకెలు

సెప్టెంబర్ 7, ఆదివారం. రాయకోట

నీకు అప్పగించిన సొత్తును నువ్వు కాపాడుతున్నావా, లేక దాని మీద ఎక్కి కూర్చున్నావా? జవాబు చెప్పు.

ఈరోజు భజన మందిరంలో ఇలాగే మొదలుపెట్టాను. అరవై మంది ఉంటారు. ఒక్కరూ కదల్లేదు. గ్రంథం చేతిలోనే ఉంది గాని తెరవాల్సిన అవసరం రాలేదు. తాయెత్తులు కట్టేవాళ్లను, కట్టించుకునేవాళ్లను కలిపి దులిపేశాను. "రాగి గొట్టంలో కాగితం దూర్చి దేవుణ్ణి అందులో పెట్టినామంటారా? చుట్టి పెట్టేదానికి దేవుడేమన్నా బీడీనా?" అన్నాను. నవ్వారు. ముందు వరసలో లక్ష్మణప్ప మాత్రం చొక్కా కాలరు సవరించుకున్నాడు. మెళ్లో ఏదో దాస్తున్నాడు.

అయ్యాక రేణు వచ్చింది. ఆంజప్ప కూతురు, మారక్క మనవరాలు. హోసూరులో కంపెనీ పనికి పోతుంది. చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది.

"తాతా, అవ్వ పాట దీంట్లో ఏసియ్యి. అమాసకు రెండు వారాలే ఉండాది. నేను నేర్చుకుంటా."

"ఆ దినం నేనే వస్తా గదమ్మా. ల్యాప్‌టాప్ తెచ్చి పెద్ద స్పీకర్‌లో పెడతా."

"స్పీకర్ పిలిస్తే పెద్దలు వస్తారా తాతా? ఇంటి మనిషి గదా పిలవల్ల."

ఇవ్వలేదు. కారణం ఉంది. పోయిన ఏడు ఒక ముక్క ఎవరికో ఇస్తే దానికి డప్పు కలిపి రీల్స్‌లో పెట్టారు. మారక్క గొంతుకు ఎవడో లుంగీ ఎగ్గట్టి గంతులు వేశాడు. ఆ తర్వాతే హోసూరులో కంప్యూటర్లు బాగుచేసే ధనశేఖర్‌తో నా ల్యాప్‌టాప్ డిస్కుకు తాళం వేయించాను.

మారక్క పాడగా నేను రికార్డు చేసిన పదహారు గంటల పాట. నూట పన్నెండు మంది పెద్దల పేర్లు. ఎవరు ఏ గుట్ట మీద మంద మేపారు, ఎవరు ఏ బావి తవ్వారు. పెద్దల అమావాస్యనాడు ఒక్కో పేరు పిలిచి ఆకులో ఒక్కో ముద్ద పెడతారు. పిలవని పేరుకు ముద్ద లేదు. ఆ పేర్లన్నీ తెలిసింది మారక్క ఒక్కతెకే. ఆగస్టు ఇరవై ఎనిమిదిన పక్షవాతం వచ్చి ఆమె మాట పడిపోయింది. ఇప్పుడు ఆ పాట నా ల్యాప్‌టాప్‌లో తప్ప ఈ భూమి మీద ఇంకెక్కడా లేదు.

నేను కూర్చోలేదు. కాపాడుతున్నాను.

సెప్టెంబర్ 8, సోమవారం

ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు కాపురాలు. విండోస్‌లో మారక్క పాట. లినక్స్‌లో నా ఉపన్యాసాలు. పాత యంత్రం నత్తలా నడుస్తోందని ధనశేఖర్ ఆ రెండోది వేసి ఇచ్చాడు. ఆన్ చేస్తే ముందు విండోస్ వస్తుంది. లినక్స్ కావాలంటే లోగో కనపడగానే ఎఫ్12 మీట నొక్కి ఎంచుకోవాలి. రోజూ నేను తెరిచేది లినక్సే. ఆ మీట కోసం కాచుకుని కూర్చోవాలి, ఒక్క క్షణం తప్పితే మళ్లీ మొదటికి.

"లోపలి సెట్టింగులు మాత్రం ముట్టుకోవద్దన్నా" అని ధనశేఖర్ మూడుసార్లు చెప్పాడు. గురువు లేకుండా సంస్కృతం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. ఇరవై ఏళ్లుగా గ్రంథం విప్పి చెబుతున్నవాణ్ణి. ఏది ముందు రావాలనే వరస మార్చుకోవడానికి హోసూరు దాకా బస్సెక్కాలా?

తమిళంలో ఒక వీడియో చూశాను. ఎఫ్2 నొక్కితే సెట్టింగుల తెర వచ్చింది. వరసలో లినక్స్‌ను పైకి జరిపాను. వీడియోలో అతను సెక్యూర్ బూట్ అనేదాన్ని కూడా ఆపేశాడు. నేనూ ఆపేశాను. మళ్లీ ఆన్ చేస్తే లినక్స్ తనంతట తనే వచ్చింది.

ఎవరి సాయమూ లేకుండా. స్వామికి దీపం పెట్టాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

పాట ఒకసారి వినాలనిపించి విండోస్‌కు వెళ్తే నీలం తెర. నలభై ఎనిమిది అంకెలు కొట్టమంటోంది. ధనశేఖర్ వేసిన తాళంలో ఏదో లోపం ఉంది.

అదే రోజు, సాయంత్రం

సెట్టింగుల్లోకి వెళ్లి చూశాను. ఏమీ కాలేదు. అంకెలే అడుగుతోంది.

సెప్టెంబర్ 10, బుధవారం

హోసూరు వెళ్లాను. బస్టాండు వెనక ధనశేఖర్ అంగడి. ల్యాప్‌టాప్ తెరిచి నా వైపు చూశాడు.

"ఏం ముట్టుకున్నావన్నా?"

"ఏమీ లేదప్పా. వరస మార్చినా, అంతే."

"వరస మారిస్తే ఇట్ల అడగదే. సెక్యూర్ బూట్ ఆపినావా?"

"వీడియోలో ఆపమన్నాడు."

"సరి. ఆ వీడియోలో ఆయనే వచ్చి తెరుస్తాడు, కూచో." తర్వాత మెత్తబడ్డాడు. తాళంచెవి బోర్డు మీద ఒక చిప్‌లో ఉంటుందట. ఆన్ చేసిన ప్రతిసారీ ఆ చిప్ మొదలయ్యే తీరును గమనిస్తుందట. తాళం వేసిన నాడు ఎలా ఉందో అలాగే ఉంటే చెవి చేతికిస్తుంది, ఏదైనా మారితే అనుమానపడి పిడికిలి బిగిస్తుంది. "మళ్లీ ఉన్నట్టే పెడితే ఇచ్చేస్తుంది. బెదరొద్దు" అన్నాడు. సెక్యూర్ బూట్ ఆన్ చేశాడు. వరస వెనక్కి పెట్టాడు.

మళ్లీ నీలం తెర.

ధనశేఖర్ ఆపి మళ్లీ ఆన్ చేసి చూశాడు, అదే తెర. "ఉన్నట్టే పెట్టినా ఒప్పుకోలేదంటే చిప్‌లో తాళంచెవే లేదన్నా. ఎవరో క్లియర్ కొట్టినారు."

"ఎవరు కొడతారప్పా?"

"నన్ను అడిగితే? సరి, ఇంక ఆ అంకెలే దిక్కు. నేను రాసిచ్చిన కాగితం యాడ?"

"ఇంట్లో ఉండాది. భద్రంగా."

"మెయిల్‌లో దాచుకుందామంటే నువ్వే గదా వద్దంటివి. నా తాళంచెవి పరాయోళ్ల గూట్లో ఎందుకంటివి. ఆ కాగితం లేదంటే దేవుడొచ్చినా తెరుచుకోదు."

"దేవుణ్ణి మధ్యలోకి లాగొద్దు."

"లాగేది నీ పని గదన్నా, నాది కాదు."

ఇంటికొచ్చి గ్రంథం తెరిచాను. అబద్ధం గురించిన పుట వచ్చింది. మూసి మళ్లీ తెరిచాను. మళ్లీ అదే. చాలాసార్లు చదివిన పుట కాబట్టి అక్కడే విడిపోతుంది, అంతే.

సెప్టెంబర్ 11, గురువారం

ట్రంకు పెట్టె. బీరువా. పంచాంగాల కట్ట. పొలం పాసుపుస్తకం సంచి. దేవుడి పటాల వెనక. కరెంటు బిల్లుల డబ్బా. ట్రంకు పెట్టె మళ్లీ.

సెప్టెంబర్ 12, శుక్రవారం

వెతికాను.

సెప్టెంబర్ 13, శనివారం

రేణు ఫోన్ చేసింది. "పేర్లుండే భాగం ఒక్కటన్నా పంపు తాతా. కంపెనీలో శుక్రవారం నుంచి లీవు అడిగినా. నా చిన్నప్పుడు అవ్వ పాడిందాంట్లో నాకు ఇరవై పేర్లు గుర్తుండాయి. మిగతావాళ్లు ఆకలితో తిరిగి పోతారు గదా?"

"వస్తాదమ్మా. కొంచెం పని ఉండాది దాంట్లో" అన్నాను.

పని! నాలుకకు ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట!

రాయి, నాగేశప్పా. ఇది నువ్వు తప్ప ఎవరూ చదవరు. మంగళవారం సాయంత్రం సెట్టింగుల్లో ఏం చేశావో రాయి.

సెక్యూరిటీ చిప్ అని ఉంది. దాని పక్కన క్లియర్ అని ఉంది. దోషమేదో పట్టింది, కడిగేస్తే పోతుందనుకున్నాను. ఎర్ర అక్షరాల్లో ఏదో హెచ్చరిక వచ్చింది. చదవలేదు. అవును అని నొక్కాను.

రాశాను. చాలు.

సెప్టెంబర్ 14, ఆదివారం

సత్యం మీద మాట్లాడాలని ముందే చెప్పి ఉన్నాను. మాట్లాడాను. గొంతు జీరపోయింది. జలుబు చేసిందని చెప్పాను.

చదవడానికి గ్రంథం తెరిస్తే, నేను గుర్తుగా పెట్టుకునే కాగితం అందులో లేదు. ఎప్పుడు, ఎక్కడ జారిపోయిందో తెలియదు.

సెప్టెంబర్ 15, సోమవారం

తెలుసు.

పదకొండో తేదీనే తెలుసు. ట్రంకు పెట్టె రెండోసారి తెరిచింది కాగితం కోసం కాదు. కాగితం అక్కడే ఉంటుందని నన్ను నేను నమ్మించుకోవడానికి.

ఆగస్టు ఇరవై తొమ్మిది. కృష్ణగిరి ఆసుపత్రిలో మారక్క మంచం పక్కన గ్రంథం చదువుతున్నాను. ధనశేఖర్ రాసిచ్చిన కాగితం ఆ పుటలోనే గుర్తుగా ఉంది. పైన నాలుగు గళ్లు, కింద నాలుగు గళ్లు, ఒక్కో గడిలో ఆరేసి అంకెలు, నాకు తేలిగ్గా కనపడాలని చుట్టూ ఎర్ర గీత. ఆంజప్ప నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. "మా అమ్మకు ఏదన్నా కట్టు సామీ." నేను కట్టనన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడతను తలెత్తి ఆ కాగితం చూశాడు.

"ఇదే గదా యంత్రం! గ్రంథంలోనే పెట్టుకొని లేదంటావేంది సామీ?"

నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. ఆ మనిషి ముఖంలో అప్పుడే వెలుగొచ్చింది. దాన్ని ఆర్పలేకపోయానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను: దయా, లేక నీ చేతిలో మహిమ ఉందని ఒకడు నమ్మితే నీకు తియ్యగా అనిపించిందా?

నా చేతిలోంచి కాగితం అతని చేతిలోకి వెళ్లింది. తాళాన్ని, తాళంచెవిని ఆ క్షణంలో నేను మరచిపోయాను. అంతవరకు నిజం. మడిచాడు, పసుపు నీళ్లు చల్లాడు, రాగి గొట్టంలో పెట్టి మారక్క కుడిచేతికి కట్టాడు. మండలం, అంటే నలభై ఎనిమిది దినాలు, విప్పకూడదని వాళ్ల లెక్క. అంటే అక్టోబర్ నడుమ దాకా. అమావాస్య ఈ నెల ఇరవై ఒకటిన.

ఆ తొమ్మిది రోజులకే మందిరంలో బీడీ అని నవ్వించాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

కృష్ణగిరి వెళ్లాను. మారక్కను ఇంటికి తెచ్చుకున్నారు. ఆంజప్ప మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో రోజుకూలీ, ఆ పక్కనే రెండు గదుల అద్దె ఇల్లు. చెప్పాలని గడప దాటాను.

"రా సామీ! చూడు, మా అమ్మ బొటనవేలు కదిలింది!" అని ఆంజప్ప నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి లాక్కుపోయాడు. "ఈదిలో అందరికీ చెప్పినా. నాగేశప్ప సామి యంత్రం అంటే ఏమనుకుంటిరి అని."

"ఆంజప్పా, అది..."

"ఇద్దరు అడుగుతా ఉండారు సామీ, వాళ్ల పిల్లోళ్లకు కూడా కావాలంట. నువ్వు అట్లాంటివి చెయ్యవని నేనే చెప్పి పంపినా. మనమైతే సొంతం కాబట్టి ఇచ్చినాడంటిని."

మారక్క నా వైపే చూస్తోంది. నోరు ఒక పక్కకు జారింది గాని కళ్లు ఏమీ జారలేదు. రికార్డు చేసేటప్పుడు నేను ఒక పేరు తప్పు పలికితే ఇలాగే చూసేది.

సంగటి పెట్టారు. తిన్నాను. వచ్చేశాను.

సెప్టెంబర్ 17, బుధవారం

వెళ్లలేదు. గ్రంథం తెరవలేదు.

సెప్టెంబర్ 18, గురువారం

తెల్లవారగానే వెళ్లాను. ఈసారి కూర్చోలేదు. కూర్చుంటే తింటాను, తింటే చెప్పను.

రేణు ఒక రోజు ముందే లీవు పెట్టి వచ్చేసింది. ఆంజప్ప పనికి బయలుదేరుతున్నాడు. ముగ్గురి ముందు నిలబడి చెప్పాను. పాట తాళం పడి ఉందని. తాళం పడేలా చేసింది నేనేనని. తెరిచే అంకెలు మారక్క చేతికున్న గొట్టంలో ఉన్నాయని. అది యంత్రం కాదని. ఆ రోజు నాకు తెలిసీ ఊరుకున్నానని.

ఆంజప్ప భుజం మీది టవలు తీసి మళ్లీ వేసుకున్నాడు. "ఇరవై దినాలు మా అమ్మ చేతికి కంప్యూటర్ కాగితం ఉండాదా?"

"అవునప్పా."

"మందిరంలో తాయెత్తుల్ని తిట్టినావంట గదా. రేణు చెప్పి నవ్వింది. ఆ పూట కూడా ఇది మా అమ్మ చేతికే ఉండాది."

"అవును."

"నేను కూడా నవ్వినా సామీ. వాళ్లవన్నీ దొంగవి, మాది నిజమని నవ్వినా."

"అది విప్పల్లప్పా" అన్నాను.

"విప్పను" అన్నాడు. "కంప్యూటరో గింప్యూటరో, వేలు కదిలింది దీంతోనే. మండలం కాకుండా విప్పితే మా అమ్మకు ఏమన్నా అయితే? నువ్వు తెచ్చిస్తావా?"

రేణు ముందుకొచ్చింది. "దినమూ ఆ ఫిజియో అక్క వచ్చి గంటసేపు చెయ్యి తిప్పి తిప్పి పోతాంది నాయనా. ఆమెకు ఒక టీ కూడా పొయ్యవు, పేరంతా గొట్టానికిస్తావు."

"నువ్వు నోరు ముయ్యి!"

"నేను మూస్తా. చెయ్యి ఎవరిది? ఆమెను అడుగు."

ఎవరూ అడగలేదు గనక రేణే మంచం మీద కూర్చుంది. "అవ్వా, నీ పాట ఈయప్ప పెట్టెలో ఇరుక్కునిందంట. ఇది విప్పితే వస్తాదంట. విప్పేదా, వద్దా?"

మారక్క ఎడమచెయ్యి ఎత్తి నన్ను దగ్గరికి రమ్మని వేళ్లు ఆడించింది. వంగాను. చెంప మీద ఒకటి ఇచ్చింది. ఆ చేతిలో అంత బలం ఉందని నేననుకోలేదు. తర్వాత అదే చేత్తో చచ్చుబడిన కుడిచేతిని పట్టి లాగి రేణు ఒడిలో పెట్టింది.

ఆంజప్ప గోడ వైపు తిరిగి నిలుచున్నాడు. రేణు దారం విప్పింది.

సెప్టెంబర్ 19, శుక్రవారం

మడత మీద మడత, ఎండిన పసుపు. నెమ్మదిగా తడిపి విప్పినా రెండు గళ్లలో సిరా కరిగిపోయింది. జెల్ పెన్నుతో రాశాడు ధనశేఖర్. ఒక గడిలో ఒక అంకె లేదు. ఇంకొక గడిలో పక్కపక్కనే రెండు లేవు.

రేణు, నేను పొద్దున్నే అంగడికి వెళ్లాం. వెళ్లగానే చెప్పాను: "క్లియర్ కొట్టింది నేనేనప్పా."

"తెలుసన్నా. నీ ఇంట్లో నువ్వొక్కడివే గదా. ఇంకెవరుండారు కొట్టేకి? పిల్లి కొట్టిందా?" అని కాగితం అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏందన్నా ఇది, పులిహోర పొట్లమా?"

నాకు ఏడుపొచ్చింది. "పోయినట్టేనా?"

"ఆగు. ఈ అంకెలకు ఒక కట్టుబాటు ఉండాది. ఏ గడి తీసుకున్నా ఆరంకెలూ కలిపి ఒక సంఖ్యగా చదివితే పదకొండుతో శేషం లేకుండా పోవల్ల." మొదటి గడి చూపించాడు. నాలుగు, ఒకటి, తర్వాత పసుపు మచ్చ, సున్నా, ఆరు, రెండు. మచ్చలో నాలుగో తొమ్మిదో తెలియడం లేదు. రేణు ఫోన్‌లో భాగించింది.

"నాలుగు పెడితే పోతాది. తొమ్మిదికి పోదు. ఇంక దేనికీ పోదు."

"అయితే నాలుగే."

రెండో గడి: ఆరు, మూడు, రెండు ఖాళీలు, సున్నా, ఏడు. ఈ కట్టుబాటుకు ఒదిగేవి తొమ్మిది రకాలు తేలాయి. ఒక్కొక్కటే కొట్టి చూడాలి. నలభై ఎనిమిది అంకెలు, తొమ్మిదిసార్లు. రేణు చదువుతుంది, ధనశేఖర్ కొడతాడు, కాదంటుంది తెర. మూడు. నాలుగు. నేను గ్రంథం గుండెకు పట్టుకుని నిలబడ్డాను. ఏమీ మొక్కలేదు. మొక్కడానికి ముఖం లేదు.

ఆరోది కూడా కాదంది.

"ఇదీ కాకుంటే ఇంక రెండే" అన్నాడు ధనశేఖర్. ఏడోది కొట్టాడు. తెర నల్లబడింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి.

విండోస్ తెరుచుకుంది.

రేణు ఒక ఫైలు నొక్కింది. ముందు మారక్క దగ్గు, తర్వాత "ఓయ్ నాగేశప్పా, ఎర్రబుడ్డీ వెలిగిందా, మొదలుపెట్టేదా?" అన్న ఆమె గొంతు. రికార్డరు మీది ఎర్రదీపం ఆమెకు బుడ్డీయే. అంగడిలో ముగ్గురం ఎటో చూస్తూ నిలబడ్డాం.

సెప్టెంబర్ 20, శనివారం. ధనశేఖర్ అంగడి

కాపీ అవుతోంది. అంతవరకు రాస్తాను.

నిన్న పేర్ల భాగం మాత్రం రేణు ఫోన్‌లోకి ఎక్కించి పంపాం. మిగతాది పాత డిస్కు గనక రాత్రంతా పట్టింది, ఇంకా మిగిలే ఉంది. ఒకటి ఆంజప్పకు, ఒకటి మారక్క తమ్ముడి ఇంటికి, ఒకటి ధనశేఖర్ దగ్గరే. ఎవడైనా డప్పు కలిపితే కలపనీ. గంతులు వేస్తే వేయనీ. పాడైపోతుందని భయపడి నేను చేసిన పని చూస్తే, ఆ లుంగీవాడే నయం. వాడి దగ్గర ఉన్న ముక్కను ఎవరైనా వినగలిగారు.

ఇప్పుడే రేణు ఫోన్. గొంతు బొంగురుపోయింది. "తెల్లవార్లూ పాడినా తాతా. నలభై పేర్లు దాటలేదు. ఇంక పట్టడం లేదు తలలో. పొద్దున ఆకులు పరిచేస్తారు."

నలభై. ఇంకా డెబ్బై రెండు మందికి ముద్ద లేదు.

నూట పన్నెండు పేర్లు ఒక్క తలలోనే ఎందుకు ఉండాలి? ఒక్క ముసలి గొంతులో పెట్టి ఊరంతా నిశ్చింతగా ఉంది. ఆ తర్వాత ఒక్క పెట్టెలో పెట్టి నేను నిశ్చింతగా ఉన్నాను. ఇప్పుడు ఒక్క ఆడపిల్ల నెత్తిన పెడతామా? రేపటికి ఆ ఇంట్లో చేరేవాళ్లు పద్నాలుగు మంది. తలకు ఎనిమిది పేర్లు. ఎనిమిది పేర్లు ఎవరికి రావు? ఆంజప్పకు రావా? కోపంతోనైనా నేర్చుకుంటాడు. ఎవరి పేర్లు ఎవరికో పంచి, రాసి, కూర్చోబెట్టి పాడించాలి. మారక్క మంచం ముందే పాడించాలి. తప్పు పాడితే ఆమె కళ్లు చెబుతాయి, ఎడమచెయ్యి కూడా చెబుతుంది.

ఫోన్‌లో చెబితే ఆంజప్ప వినడు. ఎదురుగా నిలబడాలి. ఇంకో చెంప ఉంది నీకు.

నూటికి తొంభై ఎనిమిది అయింది. కృష్ణగిరి బస్సు హారన్ వినిపిస్తోంది.

ఇంకా రాస్తావేం, నాగేశప్పా? పెన్‌డ్రైవ్ తియ్యి. పరుగెత్తు. దారిలో కనపడ్డ ప్రతి చుట్టాన్నీ బస్సెక్కించుకో. పొద్దు గుంకేలోపు పద్నాలుగు నోళ్లు తెరిపించు. ఈరోజే. లే!